కొసరు అల్సీద్‌ను వెలివేసిన తుమ్ము

మా మరిది అల్సీద్ పేరెత్తితే ఈ ట్రెమే పేటలో ఎవరైనా ముందు నవ్వుతారు, తర్వాతే మాట్లాడతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వాల్సిన మనిషే, కాదనను. కానీ నవ్వేవాళ్ళకి సగమే తెలుసు. మిగతా సగం నా కొట్టు ముందు జరిగింది కాబట్టి నేనే చెప్పాలి.

నా పేరు ఇనెజ్. వీధి మలుపులో, చర్చికి కనుచూపు దూరంలో, మంచు తురిమి రంగు పానకం పోసి అమ్మే కొట్టు నాది. అల్సీద్ మా ఆయన తమ్ముడు. అతను వాయించేది ట్రాంబోను. ముందుకీ వెనక్కీ జరిపే ఆ పొడుగాటి ఇత్తడి గొట్టం తగిలి మా ఇంట్లో ఎన్ని గాజు గ్లాసులు పగిలాయో నాకే తెలుసు. ఊరేగింపుల్లో ట్రాంబోను వాళ్ళను ముందు వరసలో నిలబెడతారు. గౌరవం కోసం కాదు, వెనక నిలబెడితే ముందువాడి బుర్ర పగులుతుందని. మా మరిది మాత్రం దాన్ని గౌరవమనే నమ్మాడు.

పేటంతా అతన్ని కొసరు అని పిలుస్తుంది. మా ఊళ్ళో ఏది కొన్నా కొసరు వెయ్యాల్సిందే, మా భాషలో దాన్ని లాన్యాప్ అంటాం. కొసరు వెయ్యని కొట్టు గుమ్మం మళ్ళీ ఎవరూ తొక్కరు. అల్సీద్ పాటకి కూడా కొసరు వేసేవాడు. పెళ్ళి విందు ముగిసి, బ్యాండువాళ్ళు వాయిద్యాలు సర్దుకుని, ఇంటివాళ్ళు కుర్చీలు మడతపెడుతుంటే, ఇతను గుమ్మం మెట్ల మీద నిలబడి ఎవరూ అడగకుండానే ఇంకొకటి అందుకునేవాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్న పెళ్ళికూతురు కూడా వెనక్కొచ్చి ఆడేది.

ఈ అలవాటు చేసింది అతని జ్ఞాన తల్లి ఫిలోమీన్, చర్చిలో బాప్తిస్మం నాడు అతన్ని ఎత్తుకున్నావిడ. జ్ఞాన తల్లిని మేం నానాన్ అంటాం, ఆవిడ మాత్రం పేటకంతా నానానే. కన్నతల్లి పోయాక అల్సీద్‌ను పెంచింది ఆవిడ. సంతలో పెకాన్ పప్పు పాకం బిళ్ళలు అమ్మేది. పొట్లం కట్టేశాక పైన ఇంకో బిళ్ళ పెట్టి ఇచ్చేది.

"అడిగింది ఇస్తే పనైపోద్దిరా. ఇంకొంచెం ఇచ్చావనుకో, ఇంటికెళ్ళాక కూడా నీ గురించే మాట్లాడుకుంటారు" అనేది.

మా పేటలో చావు పనులు చూసేది నిజాయితీ నేస్తాల సాయం-సరదా సంఘం. సాయం ముందు, సరదా తర్వాత. శవం వెంట నడిచేటప్పుడూ అదే వరస. చర్చి నుంచి శవపెట్టె బయటికొచ్చాక బ్యాండు ఏడుపు పాటతో, అడుగు తీసి అడుగు వేస్తూ నా కొట్టు మలుపు దాకా వస్తుంది. అక్కడ రెండుగా చీలి దారి ఇస్తుంది. శవం ఉన్న కారు స్మశానం వైపు వెళ్ళిపోతుంది. దాన్నే సాగనంపడం అంటాం. కారు వెళ్ళాక, బ్యాండుకు ముందు నడిచే పెద్దమనిషి తెల్ల రుమాలు పైకెత్తుతాడు. ట్రాంబోను మొదటి కూత వేస్తుంది, గొడుగులు తెరుచుకుంటాయి, అప్పటిదాకా ఏడ్చినవాళ్ళంతా ఆడతారు. పోయినవాళ్ళు బరువు దించుకుని వెళ్ళారన్న సంతోషం అది. కానీ సాగనంపక ముందే ఆడితే మాత్రం ఇంటికొచ్చిన చుట్టాన్ని మెడపట్టి గెంటినట్టు.

సంఘానికి ఆ పెద్దమనిషి నార్సిస్ గారు. ఒకప్పుడు ట్రామ్ నడిపేవాడు. కోటు మీద ముడత ఉండదు, మాటలో తొందర ఉండదు. టోపీ ఛాతీకి ఆనించుకుని ఆయన నడుస్తుంటే చచ్చినవాడికి కూడా పరువు పెరిగేది. అంత పరువు మోసే మనిషికి నడుము వంగడం కష్టమని నాకు తర్వాత తెలిసింది.

సంఘం కోశాధికారి ఎవరిస్త్ గారు పోయినప్పుడు జరిగింది ఇది. వసంతకాలం. ఓక్ చెట్ల పుప్పొడి వీధంతా పసుపు జల్లినట్టు పడి ఉంది. పెట్టె ఇంకా చర్చి మెట్ల మీదే ఉంది. వీధిలో నార్సిస్ గారు ముందు, ఆయన వెనక బ్యాండు సిద్ధంగా నిలబడ్డారు. బ్యాండుకి కనపడేది ఆయన వీపు. ఆయన మొహం కనపడేది ఎదురుగా నా కొట్టు నీడలో ఉన్న మా ఇద్దరికే, నాకూ నానాన్‌కూ. ఆయన ముక్కు ముందు ఎర్రబడింది. పైపెదవి వణికింది. రుమాలున్న చెయ్యి గబుక్కున పైకి లేచింది. అలాంటి తుమ్ము నేను నా జన్మలో చూడలేదు, ఆయన దాన్ని మింగి చప్పుడు కానివ్వలేదు గానీ టోపీ మాత్రం చేతిలోంచి ఎగిరింది.

ముందు వరసలో ఉన్న మా మరిది రుమాలు చూశాడు, ఊదాడు.

బ్యాండంతా అందుకుంది. గొడుగులు తెరుచుకున్నాయి. పెట్టె మోసేవాళ్ళ మోకాళ్ళు వాటంతటవే ఊగాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పాటకు ఆడిన కాళ్ళు, వాటి తప్పేముంది? పెట్టె మెట్ల మీద అటూ ఇటూ ఊగి పైనున్న పూలన్నీ రాలిపోయాయి. ఎవరిస్త్ గారి భార్య నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. అందరూ తేరుకుని ఆగేసరికి నార్సిస్ గారి మొహం కందిపోయింది.

"ఎవడ్రా ముందు ఊదింది?"

"నేనే బాబాయ్. నువ్వు రుమాలెత్తావుగా" అన్నాడు అల్సీద్.

"నేనెత్తలా."

"తుమ్మావుగా బాబాయ్" అన్నాను నేను కొట్టులోంచి.

"నేను తుమ్మనమ్మాయ్."

"ఇప్పుడా?"

"ఎప్పుడూ. వీధిలో నేను తుమ్మడం చూసినవాళ్ళెవరైనా ఉంటే రమ్మను."

"నేనున్నానుగా. కళ్ళారా చూశా" అంది నానాన్.

"నువ్వు వాడి నానాన్‌వి. ఇదేమో వాడి వదిన. ఇంక మీరు చెప్పేదేముంటుంది?"

అంతటితో తీర్పు అయిపోయింది. సంఘం ముందు వరసలో అల్సీద్‌కు చోటు లేదన్నాడు. మిగతా సంఘాల్లోనూ ఆయన మాట కాదనేవాళ్ళు లేరు. నేను నోరు పారేసుకున్నాను, ఇప్పటికీ దానికి బాధపడటం లేదు. నానాన్ మాత్రం గొడవ చెయ్యలేదు. అల్సీద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే చెప్పింది.

"నన్ను సాగనంపేది నువ్వే. ముందు వరసలో నువ్వు లేకపోతే ఆ మలుపు దగ్గర్నుంచి నేను కదల్ను. ఈలోగా ఆయన చేత తుమ్మించే పూచీ నాది."

మా పేటలో సోమవారం వస్తే ప్రతి ఇంట్లో ఎర్ర చిక్కుడు గింజలూ అన్నమే. నార్సిస్ గారు భార్య పోయిన దగ్గర్నుంచీ సోమవారాలు నానాన్ ఇంట్లోనే తినేవాడు. తగాదా వచ్చాక కూడా మానలేదు. నానాన్ గింజల్లో మిరియాల పొడి పెంచడం మొదలుపెట్టింది. వారం వారం ఇంకొంచెం. నేను పక్కింటి వాళ్ళని ఏదో పని మీద పిలిచి సాక్షులుగా కూర్చోబెట్టేదాన్ని. ఆయన తినేవాడు, కళ్ళు ఎర్రబడేవి, ముక్కు ఎగబీల్చేవాడు, "చాలా బావుంది ఫిలోమీన్" అనేవాడు, మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే మెల్లగా లేచి పెరట్లోకి వెళ్ళేవాడు. పెరట్లో ఏం జరిగేదో ఆయనకీ నానాన్ కోళ్ళకీ తెలుసు. నేనైతే ఒకసారి పాత దిండు దులిపాను, ఈకలన్నీ నాకే అంటుకుని నేనే తుమ్మాను.

వీధిలో చోటు లేని ట్రాంబోను వాడు ఏం చేస్తాడు? ఇంట్లో వాయిస్తే నేను ఊరుకోను. అలా మొదలైంది మా మరిది తిరుగుడు.

ముందు పుచ్చకాయల ఓథాతో కలిశాడు. ఓథా పాత ట్రక్కులో పళ్ళూ కూరలూ వేసుకుని, "కొయ్యకముందే తీపి కారుతోందమ్మా" అని పాడుకుంటూ వీధులు తిరిగేవాడు. అల్సీద్ వెనక కాయల మధ్య కూర్చుని ఆ పాటకు జవాబు ఊదేవాడు. మొదటి వారం ఇద్దరికీ పడలేదు.

"నీ కూత విని జనం ఆడతన్నార్రా, కాయ కొనట్లా" అన్నాడు ఓథా.

"నువ్వు ఊపిరి పీల్చుకునేటప్పుడే ఊదుతున్నాగా?"

"నా ఊపిరి అంతసేపుంటదా?"

చివరికి కుదిరింది. ఓథా మాటని సగంలో వదిలేసేవాడు, ట్రాంబోను పూర్తి చేసేది. పుచ్చకాయకు లావు కూత, అరటిపండుకు వంకర కూత, బెండకాయకు చిన్న మూలుగు. కొన్నాళ్ళకు ఆడవాళ్ళు కిటికీలోంచి తొంగి చూడకుండానే ఏ కూర వచ్చిందో చెప్పేవాళ్ళు. వంకాయల రోజు కూత విని మా ఆయన ముందే మొహం మాడ్చుకునేవాడు.

తర్వాత బట్టలుతికే మిషన్ల దుకాణం. అక్కడ ఒక మిషన్‌కి కాలు కురచ. నీళ్ళు పిండేటప్పుడు ఒక దెబ్బ తప్పించి ఒక దెబ్బ వేస్తూ గెంతేది. అల్సీద్ దాని ఎదురుగా బల్ల మీద కూర్చుని వాయించేవాడు. "మన బ్యాండులో ఏ డ్రమ్మువాడికీ ఈ లయ రాదు వదినా" అని నాతో ప్రమాణం చేసి చెప్పాడు. ఉతకడానికి వచ్చినవాళ్ళు "అది అల్సీద్ మిషనే, దాంట్లో బరువు దుప్పట్లు వేస్తే లయ బాగా వస్తది" అని చెప్పుకునేవాళ్ళు. ఒకరోజు యజమాని ముచ్చటపడి దాని కాలు బాగుచేయించాడు. అల్సీద్ రెండు పూటలు అన్నం తినలేదు. నేను నవ్వినందుకు నాతో మాట్లాడలేదు కూడా.

ఒక హోటల్ వాళ్ళు లిఫ్టులో వాయించమని పిలిచారు. ట్రాంబోను పట్టేంత లిఫ్టు కాదది. గొట్టం ముందుకు జరిపితే తలుపు మధ్య ఇరుక్కునేది, వెనక్కి లాగితే అతిథి టోపీ కింద పడేది. దాంతో జరపకుండా వాయించగలిగిన నాలుగు స్వరాలతోనే పాట కట్టాడు. పై అంతస్తుకు వెళ్ళేవాళ్ళు పాట అయ్యేదాకా దిగం అని మొండికేస్తే, కింద ఎదురుచూసేవాళ్ళు గొడవ చేశారు. ఆ కొలువు అలా పోయింది.

అన్నిటికన్నా ఎక్కువ ఇష్టపడింది నది మీద పడవని. జనాన్నీ కార్లనీ ఒడ్డు దాటించే పెద్ద పడవ. దాని హారన్ ఒకే స్వరంలో, బర్రె అరిచినట్టు ఉంటుంది. అల్సీద్ పైఅంతస్తులో నిలబడి అదే స్వరం పట్టుకుని, దాని మీద నుంచి మెల్లగా జారి, మళ్ళీ వచ్చి దాని మీదే వాలేవాడు. నడిపేవాడికి అది నచ్చి, అవసరం లేకపోయినా హారన్ కొట్టేవాడు. అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు పడవకు కడుపునొప్పి వచ్చిందనుకున్నారు. పై అధికారి చివాట్లు పెట్టాక నడిపేవాడు రేవు దగ్గర మాత్రమే కొట్టేవాడు, కానీ అక్కడ కాస్త పొడుగ్గా కొట్టేవాడు. కొసరన్న మాట.

ఇవన్నీ విని జనం నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఆదివారం సంఘం ఊరేగింపు మా వీధిలోకి వచ్చే వేళకు అతను పడవ ఎక్కేసేవాడని నాకు తెలుసు. ఆ చప్పుడు వినలేక వెళ్ళేవాడు. ఒకసారి పొగమంచుకి పడవ నడవక ఇంట్లో చిక్కుకుపోయాడు. ఊరేగింపు కిటికీ కింద నుంచి వెళ్తుంటే ఖాళీ చేతుల్ని గాల్లో ముందుకీ వెనక్కీ జరుపుతూ నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చి వంటింట్లోకి వెళ్ళాను.

నానాన్‌కు ముందు మోకాళ్ళు పోయాయి, తర్వాత గుండె నీరసపడింది. ఆవిడ ఎక్కువ రోజులుండదని అందరికీ అర్థమైంది. అల్సీద్ సిగ్గు విడిచి నార్సిస్ గారింటికి వెళ్ళాడు. తోడుగా నేనూ వెళ్ళాను, నోరు మెదపనని అతను నా చేత ఒట్టు పెట్టించుకున్నాక.

"బాబాయ్, నా కోసం కాదు. నానాన్ కోసం. ఆ ఒక్కరోజుకి."

నార్సిస్ గారు చాలాసేపు బూట్లు చూసుకున్నాడు. "ఫిలోమీన్ అంటే నాకు మాత్రం అభిమానం లేదా? కానీ ఏమని రానివ్వనురా? నిన్ను రానిస్తే ఆరోజు నీ తప్పు లేదన్నట్టేగా?"

"అనుకోనీ."

"నీది కాకపోతే ఎవరిదంటారు?"

నేను ఒట్టు తప్పేదాన్నే, కానీ అల్సీద్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఆ మాట నేను నానాన్‌కు చెబితే ఆవిడ మంచం మీద పడుకునే నవ్వింది. "ఇన్ని మిరియాలు దండగయ్యాయి. ముసలాడి ముక్కు రాయే" అంది. తర్వాత, "మలుపు దగ్గర మాత్రం నేను కదల్నే, చెప్పాగా" అంది. ఆ వారంలోనే పోయింది.

సంఘం ఏ లోటూ చెయ్యలేదు. చర్చి నిండిపోయింది. ఓథా ట్రక్కు నిండా పూలు తెచ్చాడు, పడవ నడిపేవాడు కోటు వేసుకుని వచ్చాడు. అల్సీద్ ఇంటివాళ్ళతో పాటు కారు వెనక ఖాళీ చేతులతో నడిచాడు. ట్రాంబోను నా కొట్టు బల్ల కింద ఉంది. పొద్దున్నే అతనే తెచ్చి, "ఇంట్లో ఒక్కదాన్నే వదిలి రాలేకపోయా వదినా" అని అక్కడ పెట్టాడు.

మలుపు దగ్గరికి వచ్చాక బ్యాండు రెండుగా చీలింది. కారు ముందు నడుస్తున్న నార్సిస్ గారు పక్కకు తప్పుకోవాలి. తప్పుకోలేదు. డ్రైవరు ఆగాడు. ఏడుపు పాట అయిపోయింది. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. నానాన్ అన్నట్టే మలుపు దగ్గర కదలకుండా ఉంది.

అప్పుడు నార్సిస్ గారు వెనక్కి తిరిగాడు. ఊరేగింపుకు ముందు నడిచే పెద్దమనిషి అలా తిరగడం నేనెప్పుడూ చూడలేదు. బ్యాండుకీ, ఇంటివాళ్ళకీ, వీధికీ ఎదురుగా నిలబడి, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకోకుండా తుమ్మాడు.

అది తుమ్ము కాదు. అన్నాళ్ళు ఆ ముక్కుని కనిపెట్టుకుని ఉన్నదాన్ని, నాకు తెలియదా? పుప్పొడి లేని కాలం. ఒక మాట పలికినట్టు "హాచ్" అని స్పష్టంగా అన్నాడంతే. కానీ వీధి చివర వరకూ వినపడింది.

"అది తుమ్మా బాబాయ్?" అన్నాడు అల్సీద్.

"తుమ్మే. ఎవరిస్త్ రోజునా తుమ్మే. నీ తప్పేం లేదు." ఇంకా అందరూ చూస్తూనే ఉన్నారు. ఆయన మొహం కందిపోయింది, తల మాత్రం దించలేదు. "గొట్టం ఏదిరా?"

నేను అప్పటికే బల్ల కింద నుంచి తీసేశాను. అది జనం చేతుల మీదుగా వెళ్ళి అతన్ని చేరింది. ముందు వరసలో ఉన్న ఇంకో ట్రాంబోను వాడు ఒక అడుగు పక్కకు జరిగి అతనికి చోటిచ్చాడు.

నార్సిస్ గారు దారి ఇచ్చాడు. కారు బ్యాండు మధ్య నుంచి మెల్లగా వెళ్ళి మలుపు తిరిగింది. ఆయన మళ్ళీ ముందుకు తిరిగి, వీపు చూపిస్తూ రుమాలు పైకెత్తాడు.

ట్రాంబోను మోగలేదు. అల్సీద్ గొట్టం పెదాలకు ఆనించుకుని ఆ వీపుకేసి చూస్తున్నాడు.

"ఎత్తావా బాబాయ్, మళ్ళీ తుమ్మొచ్చిందా?"

"ఎత్తానురా వెధవా, ఊదు."

నేను చాలా సాగనంపుళ్ళు చూశాను. అంత సంతోషంగా ఎవరినీ పంపలేదు. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలు కూడా గొడుగులు తిప్పారు. నేను కొట్టు తలుపులు తెరిచి వదిలేసి ఆడాను, ఎవరు ఏ పానకం పోసుకున్నారో చూడలేదు. అల్సీద్ పాటలో పుచ్చకాయ కూత వచ్చింది, పడవ హారన్ వచ్చింది, కాలు కురచ మిషన్ గెంతూ వచ్చింది. డ్రమ్ములవాడు ఆ గెంతు పట్టుకోలేక తిట్టుకున్నాడు.

అంతా అయిపోయి బ్యాండు సర్దుకున్నాక అతను నానాన్ ఇంటి మెట్ల మీద నిలబడి ఒక కొసరు వాయించాడు. నెమ్మదైన పాట. నార్సిస్ గారు ఇంటికి పోతున్నవాడల్లా ఆగి, టోపీ ఛాతీకి ఆనించుకుని చివరిదాకా విన్నాడు.

ఆ తర్వాతి సోమవారం గింజలు మా ఇంట్లో వండాను. నార్సిస్ గారిని పిలిచాను, ఎక్కడ తింటాడో అని. అల్సీద్ ఎదురుగా కూర్చున్నాడు. ఆయన రెండు ముద్దలు తిని చెంచా పక్కన పెట్టాడు.

"మిరియాలు మర్చిపోయావా అమ్మాయ్?"

"ఇంకెందుకు బాబాయ్?" అన్నాను.

"ఫిలోమీన్ దండిగా వేసేది." కంచం నావైపు జరిపాడు. "ఎందుకేస్తోందో తెలియకే తిన్నాననుకున్నారా ఇన్నాళ్ళూ?"

మిరియాల డబ్బా తెచ్చి ముందు పెట్టాను. ఆయన నానాన్ వేసినంత వేసుకుని, కలుపుకుని తిన్నాడు. ముక్కు ఎర్రబడింది. అల్సీద్ తన రుమాలు తీసి అందించాడు.

ఆయన తుమ్మలేదు. ఆ రుమాలుతో కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు.